నా వంతు వస్తుందా?

కొండకు పోయి వచ్చామని తిరుపతిలో ఎవరితోనైనా అంటే మూడు ప్రశ్నలు వరసగా వస్తాయి. దర్శనం బాగా అయిందా? ఎన్ని గంటలు పట్టింది? ఎట్టా పోయినారు? మొదటిది మర్యాదకు అడిగేది. రెండోది కుతూహలం. మూడోదానికి వచ్చే జవాబును బట్టి ఎదుటి మనిషి ఎంతటివాడో లెక్క కట్టేస్తారు. మూడొందల టికెట్టా, కాలినడకా, శ్రీవాణా, ఎమ్మెల్యే లెటరా, సర్వదర్శనమా? ‘సర్వదర్శనంలోనే పోయినాం’ అనేటప్పుడు గొంతు తగ్గించేవాళ్లను చూశాను. ‘బ్రేక్‌లో పోయినాం, పోయింది తెలీదు, వచ్చింది తెలీదు’ అనేటప్పుడు గొంతు లేచేవాళ్లనూ చూశాను. స్వామిని చూశామన్న సంతోషం కన్నా, అందరికన్నా ముందు చూశామన్న గొప్ప పెద్దదైపోయింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడిగా అది నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. 2025 జనవరి తర్వాత ఆ బాధకు భయం తోడైంది.

ఆ ఏడు వైకుంఠ ఏకాదశి జనవరి 10న వచ్చింది. ఒకప్పుడు వైకుంఠ ద్వారం ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తెరిచేవారు. కొన్నేళ్లుగా పది రోజులు తెరుస్తున్నారు. టోకెన్లు 9వ తేదీ తెల్లవారుజామున 5 గంటల నుంచి తిరుపతిలోని కేంద్రాల్లో ఇస్తామని ప్రకటించారు. 8వ తేదీ పగటి నుంచే జనం చేరిపోయారు. బైరాగిపట్టెడలో స్కూలు దగ్గరి కేంద్రానికి వచ్చినవాళ్లను పక్కనున్న పార్కులో కూర్చోబెట్టారు. రాత్రి గేటు తెరుచుకుంది. టోకెన్లు ఇచ్చేస్తున్నారనుకుని వెనకున్నవాళ్లు ముందుకు పడ్డారు. ఆరుగురు చనిపోయారు. నలభై మంది దాకా గాయపడ్డారు. విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లున్నారు, తమిళనాడు నుంచి వచ్చినవాళ్లున్నారు. కొండ ఎక్కకముందే, కొండ కింద, చేతిలో టోకెన్ కూడా పడకముందే వాళ్ల యాత్ర ముగిసింది.

మరుసటి రోజు ఊళ్లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒకటే మాట. ‘జనానికి డిసిప్లిన్ లేదు సార్. అరగంట ఆగలేరు.’ చదువుకున్నవాళ్లు కూడా అదే అన్నారు. న్యాయ విచారణ వేశారు, అధికారులను బదిలీ చేశారు, సస్పెండ్ చేశారు. అవన్నీ జరగాల్సినవే. ఆ టీ కొట్టు మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. ఎందుకంటే అదే జనాన్ని కొండ మీద, దర్శనానికి వేచి ఉండే వైకుంఠం కంపార్ట్‌మెంట్లలో చూసినవాణ్ణి.

ఇనుప కమ్ముల గదిలో వందల మంది. ఎప్పుడు వదులుతారో తెలీదు. ఒక మూల శ్రీకాకుళం కుటుంబం చీర పరిచి పిల్లల్ని పడుకోబెట్టుకుంటుంది. దాని కొసన చోటడిగి సేలం నుంచి వచ్చిన ముసలామె నడుం వాలుస్తుంది. వీళ్ల మాట ఆమెకు రాదు, ఆమె మాట వీళ్లకు రాదు. అయినా అర్ధరాత్రికి ఆమె సంచిలోని మురుకులు ఈ పిల్లల చేతుల్లో ఉంటాయి. శ్రీవారి సేవకులు పాలు తెస్తారు, ఉప్మా తెస్తారు. కొత్తగా గుండు కొట్టించుకున్న పసివాడు ఏడుస్తుంటే పక్కింటివాళ్ల మాదిరి నలుగురు ఎత్తుకుని ఆడిస్తారు. బాత్‌రూమ్‌కు పోయి వచ్చినవాళ్ల చోటు వాళ్లకే ఉంటుంది, ఎవరూ ఆక్రమించరు. పద్దెనిమిది గంటలు, ఇరవై గంటలు ఇట్లా గడిచిపోతాయి. క్రమశిక్షణ లేనివాళ్లు చేయగలిగిన పనేనా ఇది?

తర్వాత తాళం చప్పుడవుతుంది. అంతే, గది గదంతా ఒక్కసారిగా లేస్తుంది. ఇందాక చీర పరిచి చోటిచ్చిన ఇల్లాలు పిల్లవాణ్ణి చంకనేసుకుని పరుగెత్తుతుంది. మురుకులు పంచిన ముసలామె గోడకు ఒదిగిపోతుంది. మనుషులు వాళ్లే. మారింది ఒక్కటే. గదిలో కూర్చున్నంతసేపు ఎవరి చోటు వాళ్లదని అందరికీ తెలుసు. తలుపు తెరుచుకున్నాక ఆ భరోసా లేదు. ముందుకు పోయిన ప్రతి మనిషీ తన వంతును లాక్కుపోయినట్టే ఉంటుంది. తోసేవాడు కొవ్వెక్కి తోయడు, తన వంతు రాదేమోనని తోస్తాడు. బైరాగిపట్టెడలో గేటు తెరుచుకున్నప్పుడు ముందుకు పడ్డవాళ్లకు ఏదైనా చెప్పగలిగి ఉంటే ఒక్క మాట చాలు: కూర్చోండి, మీ అందరికీ టోకెన్ ఉంది. అది చెప్పేవాళ్లు లేరు. చెప్పినా నమ్మే అలవాటు మన జనానికి లేకుండా పోయింది.

ఆ నమ్మకం ఎట్లా పోయిందో వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి టవల్ వేసినవాడికి సీటు, మెట్ల దగ్గర పద్ధతిగా నిలబడ్డవాడికి నిలువుకాళ్లు. ఆఫీసులో తెల్లారి వచ్చి కూర్చున్నవాణ్ణి ‘రేపు రా’ అంటారు, ఫోన్ చేయించుకుని పదకొండింటికి వచ్చినవాడికి కుర్చీ వేస్తారు. చిన్నప్పటి నుంచి ఇవి చూస్తూ పెరిగిన పిల్లవాడు, వరసలో నిలబడేవాడు చేతకానివాడని నేర్చుకోడా? బళ్లో మనం చెప్పే నీతులు వేరు, బస్టాండు నేర్పే పాఠం వేరు. నిలిచేది రెండోదే.

అయినా వరసంటే మన జనానికి గౌరవం లేదని నేను ఒప్పుకోను. 2025 ఆగస్టులో తెలంగాణలో యూరియా దొరక్క రైతులు సొసైటీల ముందు బారులు తీరారు. ఎండకు ఓర్చుకోలేక చెప్పులు, పాసు పుస్తకాలు వరసలో పెట్టి చెట్టు కింద కూర్చున్నారు. ఆ ఫొటోలు పేపర్లలో చూసినప్పుడు అందరికీ రైతు కష్టమే కనిపించింది. నాకు ఇంకొకటి కూడా కనిపించింది. అరిగిపోయిన రబ్బరు చెప్పును మనిషిగా ఒప్పుకున్నారు ఆ వరసలోని మిగతావాళ్లు. దాన్ని పక్కకు తన్ని ముందుకు పోవచ్చు, చూసేవాడు లేడు. పోలేదు. తమలో తాము పెట్టుకున్న కట్టుబాటుకు అంత విలువిచ్చే మనుషులను క్రమశిక్షణ లేనివాళ్లని ఎట్లా అంటాం?

మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అదే ఏడాది ఇంకో వరస నడిచింది. జూన్, జూలై నెలల్లో తోతాపురి మామిడి కాయ విరగకాసింది. నిరుటి గుజ్జే అమ్ముడుపోక ఫ్యాక్టరీల్లో నిలవుంది. ధర కిలో రెండు మూడు రూపాయలకు కూడా పడిపోయింది. ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, రైతుకు కిలోకు 12 అందాలి అన్నారు. బయటి రాష్ట్రాల కాయ రాకుండా కలెక్టర్ ఉత్తర్వు ఇస్తే కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. జూలై 9న మాజీ ముఖ్యమంత్రి బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు వచ్చారు, రోడ్డు మీద కాయలు పారబోశారు, టీవీల్లో ఒకటే రచ్చ. వీటన్నిటి వెనక, టీవీలో ఎక్కువగా కనపడని చోట, గుజ్జు ఫ్యాక్టరీల ముందు కిలోమీటర్ల పొడవున ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి.

పలమనేరు వైపు నుంచి వస్తూ అట్లాంటి వరస ఒకదాని దగ్గర ఆగాను. ట్రాక్టర్ నీడలో గోనెపట్ట మీద నడివయసు రైతు కూర్చుని ఉన్నాడు.

‘ఎప్పుడొచ్చినావన్నా?’

‘మొన్న రేత్రి సార్. బువ్వ ఇంటికాడ నుంచి పిల్లోడు తెస్తా ఉండాడు.’

‘కాయ ఆగుతుందా?’

ఆయన లేచి ట్రాలీ దగ్గరికి తీసుకుపోయాడు. పైన కప్పిన మామిడి ఆకులు పక్కకు జరిపి ఒక కాయ తీసి నా చేతికిచ్చాడు. ముక్కు దగ్గర ఇంకా పచ్చగానే ఉంది. తొడిమ దగ్గర మాత్రం సొన కారి నల్లబడి, బొటనవేలు ఆనిస్తే లోపలికి దిగిపోయేంత మెత్తబడింది. కింది కాయల మీద బరువు పడి ట్రాలీ సందుల్లోంచి రసం కారుతోంది. రోడ్డు మీద ఆ తడి చుట్టూ ఈగలు.

‘నేనంటే లైన్‌లో నిలబడతా సార్. కాయకు లైన్ తెలీదు కదా. దాని టయానికి అది మాగిపోతాది’ అన్నాడు.

తర్వాత ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ‘నిలబడేదానికి మాకేం బాధ ల్యా. ముందర ఎన్ని బండ్లుండాయి, పొద్దుకి ఎన్ని దించుకుంటారు, అది చెప్పమనండి చాలు. రేపంటారు, ఎల్లుండంటారు. టోకెను జేబులో పెట్టుకోని ఈడ మేముంటే, యాడాడి ర్యాంపుల కాడ్నించి వచ్చిన లోడ్లు లోపలికి పోతా ఉండాయంటారు. నిజమో అబద్ధమో మాకు తెలీదు. తెలీకపోతేనే కదా సార్ కడుపు మండేది.’

ఇంత సూటిగా ఈ సంగతి చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. ఆలస్యాన్ని మనిషి ఓర్చుకుంటాడు. వానకు, పంటకు, కాన్పుకు ఎదురుచూసే జాతి మనది. తెలియకపోవడాన్నే ఓర్చుకోలేడు. తన ముందర ఎవరున్నారో, ఎందుకున్నారో, పక్కదారిన ఎవరు పోతున్నారో తెలియనప్పుడు ఊహలు మొదలవుతాయి. ఊహల్లో ఎప్పుడూ మనకే అన్యాయం జరుగుతుంటుంది. సగంసార్లు ఆ ఊహ నిజమే కావడం వేరే సంగతి.

కొండ మీద పక్కదారి ఉందన్నది ఊహ కాదు. అది బహిరంగంగానే ఉంది. గర్భాలయానికి దారి ఒక్కటే. దాని గడప, కులశేఖరపడి ముందు ఒకసారి ఒక వరసే నడుస్తుంది. లేఖలు తెచ్చినవాళ్ల బ్రేక్ దర్శనం నడిచినంతసేపు సర్వదర్శనం ఆగాలి, వేరే మార్గం లేదు. అంటే ఒకరికి ఇచ్చిన సిఫారసు లేఖకు కావాల్సిన సమయం కంపార్ట్‌మెంట్‌లో చీర పరిచి పడుకున్నవాళ్ల దగ్గర నుంచి వస్తుంది. వాళ్లను ఎవరూ అడగరు. అడిగితే ఇవ్వరని కాదు. ముసలివాళ్లకు, చంటిబిడ్డల తల్లులకు, నడవలేనివాళ్లకు ప్రత్యేకంగా దారి ఉంటే ఒక్కరంటే ఒక్కరు కూడా సణగరు. ‘పెద్దాయన పోనీండి’ అని వాళ్లే పక్కకు తప్పుకుంటారు. అవసరాన్ని చూసి తప్పుకునేవాళ్లకు హోదాను చూసి తప్పుకోవాల్సి రావడమే అవమానం.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముఖ్యమంత్రుల మధ్య ఉత్తరాలు నడిచాయి. తెలంగాణ ప్రజాప్రతినిధుల సిఫారసు లేఖలను తిరుమలలో అంగీకరించాలన్నది విషయం. 2025 మార్చి 24 నుంచి వారంలో ఇన్ని రోజులు, ఇన్ని లేఖలు, ఒక్కో లేఖకు ఆరుగురి దాకా అని అమలుచేశారు. నీళ్లు, అప్పులు, ఆస్తుల పంచాయితీలు తెగని రెండు రాష్ట్రాల మధ్య ఇది మాత్రం తెగింది. ఎమ్మెల్యేలను తప్పుపట్టి లాభం లేదు. లెటర్ ఇవ్వని ఎమ్మెల్యేను పనికిరానివాడని నియోజకవర్గమంతా తిడుతుంది. రోడ్డు వేయించకపోయినా పర్వాలేదు, దర్శనం చేయించాలి. తిరుపతిలో కాపురముండేవాళ్లకూ ఈ ఒత్తిడి ఉంది. ‘మీరు లోకలే కదా, ఎవరో ఒకరు తెలిసే ఉంటారు’ అని ఎప్పుడో పెళ్లిలో కనిపించిన దూరపు చుట్టం ఫోన్ చేస్తారు. తెలీదంటే నమ్మరు. పొగరనుకుంటారు. పక్కదారి కోరుకునేవాళ్లు ఎక్కడో పైన లేరు, మన చుట్టాల్లోనే ఉన్నారు. అందుకే ఇది ఒక్క ఆఫీసు ఉత్తర్వుతో పోయే జబ్బు కాదు.

గుళ్లలో వీఐపీ దర్శనాల మీద ఒక వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2025 జనవరి 31న కోర్టు దాన్ని కొట్టేసింది. ప్రత్యేక మర్యాద ఉండకూడదన్నది తమ అభిప్రాయమే కావచ్చు గానీ ఆదేశాలు ఇవ్వలేమని, సమాజమూ ఆలయ యాజమాన్యాలూ తేల్చుకోవాలని అంది. బైరాగిపట్టెడ ఘటన జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. సమాజం తేల్చుకోవాలి అన్న మాట చదివినప్పుడు నాకు కోర్టు మీద కోపం రాలేదు. బంతి మన ఇంటి గడపలోనే పడిందనిపించింది.

తేల్చుకోగలమని నమ్మడానికి కొండ మీదే ఒక చోటు ఉంది. 1985 ఏప్రిల్ 6న ఎన్టీ రామారావు నిత్యాన్నదానం మొదలుపెట్టినప్పుడు రోజుకు రెండు వేల మందికి పెట్టేవారు. 2011 నుంచి అది మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరున్న పెద్ద భవనంలో నడుస్తోంది. వెంగమాంబ మా ప్రాంతపు మనిషే, గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టిన పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి. వితంతువు జుట్టు తీయించుకోవాలన్న కట్టుబాటును ఒప్పుకోక ఊరు విడిచి కొండ చేరింది. ఎవరు ఎక్కడ నిలబడాలో పెద్దలు గీసిన గీత దాటిన మనిషి పేరు ఆ భోజనశాలకు పెట్టడం నాకు ఎంతో ఇష్టం.

ఒక్కో హాల్లో వెయ్యి మంది కూర్చుంటారు. తలుపు దగ్గర ఎవరి కార్డూ చూడరు. ఎవరు ముందు వస్తే వాళ్లు ముందు కూర్చుంటారు. ఆకు వేస్తారు, చక్కెరపొంగలి వేస్తారు, అన్నం తోపుడు బండి మీద ఆవిరి కక్కుతూ వస్తుంది. ఒకసారి నా పక్కన మెళ్లో లావుపాటి గొలుసున్న పెద్దమనిషి కూర్చున్నాడు, ఆయన పక్కన కాలికి చెప్పుల్లేని కూలీ. సాంబారు వడ్డించే ఆమె మొదట కూలీకే వేసింది, వరసలో అతనే ముందున్నాడు కాబట్టి. పెద్దమనిషి ఆకు మీద చేయి పెట్టుకుని ఎదురుచూశాడు. ఆయన ముఖం ఏమీ చిన్నబోలేదు. ఇంకాస్త అన్నం కావాలని పిల్లవాడి మాదిరి చేయెత్తి అడిగాడు. గంటకు ముందు అదే మనిషి ఏ దారిలో గుళ్లోకి పోయాడో నాకు తెలీదు. అన్నం దగ్గర మాత్రం వంతును ఒప్పుకున్నాడు. ఇక్కడ తోపులాట ఎందుకు లేదు? ఈ బంతి కాకపోతే వచ్చే బంతి ఉందని, అన్నం అయిపోదని, లేఖ తెచ్చినవాడికి రెండో వడ్డన ముందు ఉండదని అందరికీ తెలుసు కాబట్టి.

కొన్ని వరసలను అసలు లేకుండానే చేయొచ్చు. పింఛన్ సంగతి చూడండి. ముసలివాళ్లు పంచాయతీ ఆఫీసు అరుగు మీద పొద్దంతా కూర్చునే రోజులు పోయి, ఒకటో తారీఖు తెల్లవారకముందే ఇంటి దగ్గరికే డబ్బు వచ్చే పద్ధతి వచ్చింది. ప్రభుత్వం మారినా ఆ పద్ధతి మారలేదు. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల వేళ ఇంటికి పింఛన్ తెచ్చే వాలంటీర్లను పక్కన పెట్టినప్పుడు ముసలివాళ్లు మండుటెండలో సచివాలయాలకు నడిచారు. ఆ నెల రాష్ట్రమంతా అల్లాడిపోయింది. పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నాయి గానీ, ముసలివాళ్లను నిలబెట్టడం తప్పని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. మనకు విలువలు పోయాయనేవాళ్లతో నేను పేచీ పెట్టుకునేది ఇందుకే. నాలుగు రోజుల్లో ఏకాభిప్రాయం వచ్చిన విషయం అది.

టోకెన్ల కోసం జనం కింద గుమిగూడకుండా ఆ తర్వాతి వైకుంఠ ఏకాదశికి, 2025 డిసెంబరు 30 నుంచి మొదటి మూడు రోజులకు, ఫోన్‌లో పేరు నమోదు చేసుకుంటే లక్కీ డిప్ తీసి టోకెన్లు ఇచ్చారు. డిప్‌లో పేరు రానివాళ్లు మా వీధిలో చాలామంది ఉన్నారు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. ‘మనకు రాసిపెట్టి లేదు’ అని ఊరుకున్నారు. అదృష్టం ముందు అందరూ సమానమే కదా. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల మాటేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి జవాబు వెతకాలి. ప్రాణాలు పోని పద్ధతి అంటూ ఒకటి దొరికింది, దాన్ని ఇక వదలకూడదు.

నేను కోరేది ఇంకొకటి ఉంది. దానికి పెద్ద ఖర్చు కాదు. రోజూ పొద్దున పేపర్లో తిరుమల సమాచారం వస్తుంది. నిన్న స్వామిని దర్శించుకున్నవాళ్లు ఎంతమంది, తలనీలాలు ఇచ్చినవాళ్లు ఎందరు, హుండీ ఆదాయం ఎంత, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండి ఉన్నాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుంది. మా ఇళ్లలో వాతావరణ సమాచారం కన్నా ముందు చదివేది అదే. అందులో ఇంకో రెండు అంకెలు చేర్చాలి. నిన్న సిఫారసు లేఖల మీద దర్శనానికి పోయినవాళ్లు ఎంతమంది, వాళ్ల కోసం సర్వదర్శనం ఎన్ని నిమిషాలు ఆగింది. అట్లాగే మామిడి కాలంలో ప్రతి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ఒక బోర్డు పెట్టాలి. నిన్న దించిన బండ్లెన్ని, ఈరోజు పిలిచే టోకెన్ నంబర్లు ఏవి, వ్యాపారులు కాయ కొనే ర్యాంపుల నుంచి తీసుకున్న లోడ్లెన్ని. సుద్దముక్కతో రాసినా చాలు. వచ్చే జూన్‌కు తోతాపురి మళ్లీ కోతకు వస్తుంది. బోర్డు పెట్టమని ఇప్పటి నుంచే అడగాలి.